కపిల పోయి ఇంజను, ఇంజను పోయి ఇనుప తూకం

పాత యంత్రాలను సేకరించడం ఒక అభిరుచి కాగా, వాటిని ఊరికే తుడిచి మూల పెట్టకుండా విప్పి, తుప్పు వదిలించి, అరిగిన భాగాలు మార్చి తిరిగి నడిపించడం అంతకంటే కష్టమైన మరో అభిరుచి. నాణేలూ తపాలా బిళ్లలూ కూడబెట్టేవారికి వస్తువు చేతికి రావడంతోనే పని ముగుస్తుంది గాని, యంత్రాలు కూడబెట్టేవారికి అసలు పని అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే నడవని యంత్రం ఎంత అరుదైనదైనా వారి లెక్కలో సగం వస్తువే. ఏ ప్రాంతంలో ఏ యంత్రం మీద ఇలాంటి మక్కువ పుడుతుందన్నది ఆ నేల మీద మనిషి పడిన పాటును బట్టి ఉంటుంది. దట్టమైన అడవులున్న జర్మనీ, స్వీడన్, కెనడా, అమెరికా వంటి దేశాల్లో పాత గొలుసు రంపాలను వెతికి పట్టుకుని నడిపించేవారు వేలల్లో ఉన్నారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పరిసరాల్లో చెట్టు కొట్టడం కంటే నీరు తోడడమే తరతరాల పాటు కాబట్టి, గొలుసు రంపానికి అక్కడ దక్కే స్థానం ఇక్కడ బావి గట్టు మీది ఆయిలింజనుకు దక్కవలసి ఉంది. అది ఇంకా దక్కలేదు.

ముందుగా రంపం సంగతి చెప్పుకుంటే ఇంజను సంగతి సులువుగా బోధపడుతుంది. పొడవాటి ఉక్కు పట్టీ చుట్టూ సైకిలు చైను వంటి గొలుసు తిరుగుతూ, దాని లింకుల మీది పళ్లతో కలపను కోసే చిన్న పెట్రోలు యంత్రమే గొలుసు రంపం. చెట్లు కొట్టే కూలీలు దాన్ని కోత మిషను అంటారు. 1926లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఆండ్రియాస్ స్టీల్ తయారుచేసిన తొలి రంపం కరెంటుతో నడిచేది, ఆ బరువును ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకోవలసి వచ్చేది. మరుసటి ఏడు ఎమిల్ లెర్ప్ అనే మరో జర్మన్ పెట్రోలు రంపాన్ని డోల్మర్ అనే కొండ మీద పరీక్షించి, ఆ కొండ పేరునే తన యంత్రానికి పెట్టాడు. అయితే ఈ తొలి రంపాల పళ్లు చేతి రంపం పళ్ల మాదిరే ఉండి తొందరగా మొండిబారేవి. ఓరెగాన్ రాష్ట్రంలో చెట్లు కొట్టే పనిలో ఉన్న జోసెఫ్ కాక్స్ 1946లో మొద్దును తొలిచే ఒక పురుగును గమనించి, దాని వంకర దవడలు కుడికీ ఎడమకీ కోసుకుంటూ ఎంత గట్టి కలపనైనా దాటిపోవడం చూసి, అదే వంపుతో పళ్లు చేసి 1947లో కొత్త గొలుసును అమ్మకానికి తెచ్చాడు. నేటి రంపాల గొలుసులన్నీ ఇంచుమించు ఆ పురుగు దవడల వారసులే.

1949లో అమెరికాలోని మెక్‌కలాక్ కంపెనీ 25 పౌన్ల, అంటే 11 కిలోల పైచిలుకు బరువున్న 3-25 అనే రంపాన్ని తెచ్చిన తరవాత ఒక్క మనిషి ఒక్కడే చెట్టు పడగొట్టడం తేలికైంది. లండన్ వంతెనను 1968లో కొనుగోలు చేసి, రాళ్లు విప్పించి అమెరికా ఎడారిలో తిరిగి కట్టించిన ఆసామి ఈ కంపెనీ యజమాని రాబర్ట్ మెక్‌కలాకే. పాత వస్తువుల మోజు ఎంత దూరమైనా పోగలదనడానికి ఇంతకు మించిన రుజువు అక్కర్లేదు. 1959లో వచ్చిన స్టీల్ కంపెనీ కాంట్రా రంపంలో మధ్యన పళ్ల చక్రాలు లేకుండా ఇంజను ఇరుసే నేరుగా గొలుసును తిప్పింది. 1689లో తుపాకుల కార్ఖానాగా మొదలైన స్వీడన్ సంస్థ హుస్క్‌వర్నా కూడా అదే ఏడు తన మొదటి రంపాన్ని విడుదల చేసింది. సేకర్తలు ఎక్కువగా వెతికేది ఈ కాలపు రంపాలనే. పట్టీ కొన కలపకు తగిలినప్పుడు రంపం మనిషి మీదికి ఎగిరిపడే ఎదురుతన్నును ఆపడానికి గొలుసుకు బ్రేకు అమర్చడం 1970వ దశకంలో గాని వాడుకలోకి రాలేదు కాబట్టి, అంతకు ముందటి రంపాలను నడపడంలో ముచ్చటతో పాటు ముప్పు కూడా ఉంది.

ఈ రంపాల్లో ఉండేది టూ స్ట్రోక్ ఇంజను; ఇరుసు తిరిగిన ప్రతిసారీ ఒక మంట మండుతుంది, పెట్రోలులోనే ఆయిలు కలిపి పోయాలి. నిప్పురవ్వ పుట్టడానికి మ్యాగ్నెటో, ప్లాటినం పాయింట్లు, కండెన్సర్ ఉంటాయి. బంకులో పెట్రోలుకు ఆయిలు కలిపించుకున్న తరం, రాజ్‌దూత్ మోటారు సైకిలు పాయింట్ల మధ్య సన్నని గరుకు కాగితం జారవిడిచి శుభ్రం చేసిన మెకానిక్కుల తరం ఈ ప్రాంతంలో ఇంకా ఉంది కాబట్టి, నిజానికి పాత గొలుసు రంపం తెచ్చి ముందు పెడితే హిందూపురంలోని స్కూటర్ మెకానిక్కుకు అది పరాయి యంత్రంలా తోచదు. విద్య ఉన్నా యంత్రం లేదు, ఎందుకంటే ఈ నేలకు అడవి లేదు.

నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ అరకొరగా తాకే ఉమ్మడి అనంతపురం జిల్లాలో సాలు వర్షపాతం సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చిన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ ఈ కరువు సీమలోనివే. ఇక్కడ నీటికీ చెట్టుకూ ఉన్న ముడి ఎంత గట్టిదో చెప్పడానికి ఒక చట్టం చాలు: బోరు వేయాలన్నా, సొంత పొలంలో చెట్టు కొట్టాలన్నా అనుమతి ఉండాలని చెప్పే 2002 నాటి వాల్టా చట్టం నీరు, భూమి, చెట్లు అనే మూడింటినీ పేరులోనే కలిపి పెట్టుకుంది. గొలుసు రంపమూ బోరు మోటారూ ఒకే చట్టం కింద చేరడం ఇలాంటి నేలలోనే అర్థవంతంగా కనిపిస్తుంది.

నీటి పాటు ఇక్కడ ఎంత పాతదో శాసనాలు చెబుతాయి. పెనుకొండను ఏలుతున్న ప్రతాప బుక్కరాయలు పెన్నేటి నీటిని పట్టణానికి తేవలసిందని ఆజ్ఞాపించగా, జలసూత్రంలో నిపుణుడైన సింగాయభట్టు 1388లో సిరువేర చెరువుకు కాలువ తవ్వించి, ఆ కాలువకు రాజు పేరు పెట్టాడని గౌరిబిదనూరు ప్రాంతపు శాసనం తెలుపుతుంది. జలసూత్రమంటే నీటిని పారించే శాస్త్రం, ఇప్పటి మాటలో నీటిపారుదల ఇంజినీరింగు. అయితే కాలువ నీరు అందరి పొలాలకూ అందదు గనుక, మిగిలిన రైతులు రాతి నేలను తొలిచి బావులు తవ్వుకున్నారు, వాటి మీద కపిలలు కట్టుకున్నారు. కోస్తాలో మోట అనే దాన్నే రాయలసీమలో కపిల అంటారు. బావి అంచున నాటిన గుంజల మధ్య గిలక, దాని మీదుగా మోకు, మోకు కొసన పెద్ద బాన, బానకు అడుగున తోలు తొండం, మరో కొసన కాడి, కాడికి రెండు ఎద్దులు. ఎద్దులు వాలుబాటలో కిందికి నడుస్తుంటే బాన పైకి వచ్చి, తొండం గుండా నీరు తొట్టిలో పడేది. మనిషి బరువూ ఎద్దుల బరువూ వాలుకు సాయం చేసే ఈ అమరిక చూడడానికి మొరటుగా ఉన్నా, దానికి లోతు హద్దు లేదు, మోకు ఎంత పొడవుంటే అంత లోతు నుంచి నీరు వచ్చేది. ఈ చిన్న సంగతిని గుర్తుంచుకోవాలి, ఎందుకంటే దాని తరవాత వచ్చిన ఇంజనుకు ఈ సౌలభ్యం లేదు.

ఆయిలింజను అంటే ఇక్కడ డీజిల్‌తో నడిచి, ఒకే చోట స్థిరంగా ఉండి, పట్టా ద్వారా గాని నేరుగా గాని పంపును తిప్పే ఇంజను. గాలిని బాగా నొక్కితే అది వేడెక్కుతుంది; ఆ వేడి గాలిలోకి సన్నని తుంపరగా చమురు చిమ్మితే నిప్పురవ్వ అవసరం లేకుండానే మండుతుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897 నాటికి జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఈ సూత్రంతో నడిచే ఇంజనును నిలబెట్టాడు. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఒట్టో కంపెనీ చూపించిన చిన్న డీజిల్ ఇంజను నడిచింది వేరుశనగ నూనెతో. శెనక్కాయ పంటకు దేశంలోనే పేరుబడ్డ అనంతపురం రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు గాని, చెప్పవలసిన సంగతి మాత్రం ఇదే.

మొదటి తరం ఆయిలింజన్లను మొదలుపెట్టాలంటే ముందుగా దీపం మంటతో తల భాగాన్ని కాచవలసి వచ్చేది. ఇంగ్లండులోని డర్స్‌లీ అనే చిన్న ఊళ్లో 1867లో మొదలైన లిస్టర్ కంపెనీ ఆ బాధ తప్పించి, చల్లగా ఉన్నప్పుడే హ్యాండిల్‌తో మొదలయ్యే ఇంజనును 1930 ప్రాంతంలో తెచ్చింది. దాని పేరులోని సి.ఎస్. అన్న అక్షరాలకు అర్థం కోల్డ్ స్టార్ట్ అనే. తొలుత అయిదు హార్స్ పవర్లు, తరవాత ఆరు హార్స్ పవర్లు ఇచ్చిన ఈ ఇంజనును ఆ కంపెనీ 1987 దాకా తయారుచేసింది. స్వాతంత్ర్యానంతరం గుజరాత్‌లోని రాజ్‌కోట్ కార్ఖానాలు దాన్ని అచ్చుగుద్దినట్టు పోత పోశాయి. మరో పక్క 1910లో నెలకొన్న కిర్లోస్కర్‌వాడిలో ఇనుప నాగళ్లతో పేరు తెచ్చుకున్న కిర్లోస్కర్ కుటుంబం 1946లో పుణేలో ప్రత్యేకంగా ఆయిలింజన్ల సంస్థ పెట్టింది. దాని ఇంజన్లు పల్లెల్లో ఎంతగా పాకాయంటే, ఏ కంపెనీదైనా సరే కిర్లాస్కర్ ఇంజను అనడం చాలా చోట్ల వాడుకైంది.

సేకర్త చెవికి ఈ రెండు జాతుల తేడా దూరం నుంచే తెలుస్తుంది. రెండు పెద్ద చక్రాలతో మూడు వందల కిలోలు దాటి బరువుండే ఆరు హార్స్ పవర్ల లిస్టర్ రకం నిమిషానికి 650 చుట్లు తిరుగుతుంది; ఫోర్ స్ట్రోక్ ఇంజనులో రెండు చుట్లకు ఒక మంట కాబట్టి నిమిషానికి 325, అంటే సెకనుకు అయిదారు దెబ్బలు విడివిడిగా లెక్కపెట్టగలిగేలా వినిపిస్తాయి. అయిదు హార్స్ పవర్ల కిర్లోస్కర్ ఎ.వి.1 ఇంజను 1500 చుట్లు తిరుగుతుంది, సెకనుకు పన్నెండు పదమూడు దెబ్బలతో చప్పుడు ఒకదానికొకటి అతుక్కుపోతుంది. నిమిషానికి 9,000 చుట్లు తిరిగే గొలుసు రంపంలో సెకనుకు 150 మంటలు కాబట్టి అది దెబ్బల చప్పుడుగా కాక కీచుగా వినిపిస్తుంది. నెమ్మదిగా తిరిగే ఇంజను అదే శక్తి ఇవ్వడానికి పెద్ద ఒళ్లు కావాలి: లిస్టరు సిలిండరు ఘనపరిమాణం 1,433 సీసీ కాగా, ఎ.వి.1 ది 553 సీసీ మాత్రమే. ఇనుము ఎక్కువ, తొందర తక్కువ కాబట్టి అరుగుదల కూడా తక్కువ. ఎనభై ఏళ్ల ఇంజను నేటికీ నడుస్తుందంటే ఆశ్చర్యపడనక్కర్లేదు.

ఇప్పుడు లోతు సంగతికి రావాలి. ఇంజను తిప్పే పంపు నీటిని పైకి లాగుతుందని అందరూ అంటారు గాని, నిజానికి అది గొట్టంలోని ఒత్తిడిని తగ్గిస్తుందంతే. బావి నీటి మీద బయటి గాలి వేసే బరువే నీటిని గొట్టంలోకి నెడుతుంది. ఆ బరువుకు సముద్రమట్టం దగ్గర నీటిని 10.3 మీటర్ల వరకు ఎత్తే శక్తి ఉంటుంది. సముద్రమట్టానికి సుమారు 620 మీటర్ల ఎత్తున ఉన్న హిందూపురంలో గాలి పలచబడుతుంది కాబట్టి ఆ హద్దు 9.6 మీటర్ల చుట్టుపక్కలకు దిగుతుంది. గొట్టంలో రాపిడి, వాల్వుల్లో నష్టం, కీళ్ల దగ్గర కారే గాలి తీసేస్తే చేతికి దక్కేది ఇరవై, ఇరవై రెండు అడుగులు మాత్రమే. కపిలకు లేని ఈ హద్దు ఇంజనుకు పుట్టుకతోనే ఉంది. బావిలో నీరు అంతకంటే దిగిపోతే ఇంజనునే నీటి దగ్గరికి దించాలి. అందుకే ఈ ప్రాంతపు పాత బావుల్లో, గట్టు నుంచి సగం లోతున, రాతి గోడలో తొలిచిన అరుగులు కనిపిస్తాయి; ఆ అరుగు మీద నాలుగు బోల్టుల గుర్తులుంటే అక్కడ ఒకప్పుడు ఇంజను కూర్చున్నట్టే లెక్క. తెలియనివారికి అది మెట్టులా కనిపిస్తుంది గాని, ఎండిన బావిలో ఆ అరుగు ఎంత లోతున ఉందో కొలిస్తే, ఇంజను దించిన నాటి నీటిమట్టం ఎక్కడుందో ఇంచుమించుగా చెప్పవచ్చు. ఒకటి కింద ఒకటిగా రెండు అరుగులున్న బావి, రెండు విడతల కరువును గోడ మీద రాసి పెట్టుకున్న బావి.

అరుగు మీది ఇంజనుతో ఒక ప్రాణాపాయం కూడా వచ్చింది. పొగగొట్టం గట్టు పైదాకా సరిగ్గా బిగించకపోతే, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ వాయువు బావిలో పేరుకుంటుంది. ఇంజను ఆపడానికి దిగిన మనిషి సొమ్మసిల్లితే, అతన్ని తీయడానికి దిగిన రెండో మనిషి కూడా పడిపోతాడు. పాత ఇంజను మీద మోజున్నవారు దాన్ని ఎన్నడూ బావిలో గాని, తలుపులు మూసిన కొట్టంలో గాని నడపరాదన్న నియమం ఇందువల్లే.

ఇంజను వెనుకబడడానికి కారణాలు అందరికీ తెలిసినవే కాబట్టి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. కరెంటు పల్లెకు వచ్చింది. 1985 నుంచి హిందూపురం శాసనసభ్యుడుగా కూడా ఉన్న ఎన్.టి. రామారావు ప్రభుత్వం వ్యవసాయ మోటార్లకు హార్స్ పవరుకు సాలుకు 50 రూపాయల లెక్కన ఒకే ధర పెట్టింది; 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఉచిత విద్యుత్తు దస్త్రం మీద తొలి సంతకం చేశారు. అంతకు మించి, బావుల్లో నీరే అడుగంటింది. బోరులోకి దించే మోటారు పంపు నీటిని లాగదు, కిందనుంచి నెడుతుంది, కాబట్టి దానికి గాలి బరువు హద్దు వర్తించదు. వందల అడుగుల లోతు నుంచి కూడా తెస్తుంది. డీజిల్ కొని పోసి ఇరవై అడుగుల హద్దు మధ్య తిప్పలు పడే యంత్రం ఈ పోటీకి నిలవలేదు. చెరుకు గానుగ తిప్పడానికో, పిండి మరకో, శెనక్కాయలు ఒలిచే మిషనుకో కొన్ని మిగిలాయి, తక్కినవి పశువుల కొట్టంలో గోనె సంచుల కింద తుప్పు పట్టాయి. పాత ఇనుప సామాన్ల వ్యాపారికి వాటి చరిత్రతో నిమిత్తం లేదు. పోత ఇనుము తూకానికి బాగా వస్తుంది, లిస్టర్ రకం పెద్ద చక్రాలు మరీ బాగా వస్తాయి.

అందువల్ల ఈ అభిరుచిలో దిగదలచినవారికి ఖర్చు కంటే ఓపికే ఎక్కువ కావాలి. మొదట చూడవలసింది ఇంజను ఒంటికి రివెట్లతో బిగించిన పలక. దాని మీద తయారీదారు పేరు, ఇంజను నంబరు, హార్స్ పవర్లు, నిమిషానికి చుట్లు ఉంటాయి. పలక లేని ఇంజను నడుస్తుంది గాని, దాని ఊరూ పేరూ ఊహించుకోవలసిందే. తరవాత చూడవలసింది నీటి జాకెట్టు, అంటే సిలిండరు చుట్టూ నీరు తిరిగే గుల్ల భాగం; అందులో పగులు ఉంటే ఆ ఇంజను భాగాలకు తప్ప పనికిరాదు. పిస్టను పట్టేసి ఉండడం మాత్రం పెద్ద లోపం కాదు. హెడ్డు విప్పి సిలిండరులో డీజిల్ గాని, తుప్పు వదిలించే ఆయిలు గాని పోసి వారం పది రోజులు వదిలేసి, ఆపైన పెద్ద చక్రాన్ని ముందుకు కొంచెం, వెనక్కి కొంచెం కదుపుతూ పోతే చాలావరకు దానంతటదే వదులుతుంది. పిస్టను నెత్తిన సమ్మెటతో కొట్టేవాడికి పిస్టనూ మిగలదు, కనెక్టింగ్ రాడ్డూ మిగలదు. రింగులు, లైనర్, వాల్వులు, నాజిల్ అనే నాలుగూ చూసుకుని, చమురు గొట్టాల్లో చిక్కిన గాలిని బయటికి పంపాలి. ఎయిర్ పట్టిందని మెకానిక్కులు అనేది దీన్నే: గొట్టం కీలు కొద్దిగా వదులు చేసి, నురగ పోయి స్వచ్ఛమైన డీజిల్ కారేదాకా పంపు కొట్టి, మళ్లీ బిగించాలి. హ్యాండిల్ నెమ్మదిగా తిప్పినప్పుడు నాజిల్ కిర్రుమని చప్పుడు చేస్తే చమురు అందుతున్నట్టు గుర్తు.

మొదలుపెట్టే తీరు ఒక చిన్న విద్య. ఎగ్జాస్టు వాల్వును తెరిచి ఉంచే లివరు ఎత్తితే సిలిండరులో గాలి నొక్కుకోదు, చక్రాలు తేలికగా తిరుగుతాయి. డర్స్‌లీ నుంచి వచ్చిన ఇంజన్లలో హెడ్డు పక్కన మరో చిన్న చేతి చక్రం ఉంటుంది. దాన్ని బిగిస్తే మండే గది చిన్నదై గాలి మరింత నొక్కుకుంటుంది, ఇంజను వేడెక్కాక తిరిగి వదులు చేస్తారు. హ్యాండిల్‌ను పట్టుకున్నప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉండాలి, చుట్టూ పోకూడదు, ఎందుకంటే ఇంజను వెనక్కి తన్నితే ముందు విరిగేది ఆ వేలే. చక్రాలు ఊపందుకోగానే లివరు వదలాలి. మొదటి దెబ్బ, తెల్లని పొగ, రెండో దెబ్బ, మూడో దెబ్బకు ఇంజను మనిషి చేతిని దాటిపోతుంది, హ్యాండిల్ జారి బయటికి వస్తుంది. రాకపోతే దాని జోలికి పోకుండా, దూరం నుంచే చమురు ఆపాలి. పెద్ద చక్రాన్ని ఇరుసుకు బిగించే ఇనుప చీల తల బయటికి పొడుచుకుని ఉంటుంది. పంచె అంచునో, తువ్వాలునో అది అందుకుంటే మనిషిని లాగేస్తుంది, కాబట్టి చక్రాలకు జాలీ కట్టకుండా పదిమందిలో ఇంజను నడపడం తగదు. నీళ్లు లేక కాలిన ఇంజను మీద గబుక్కున చన్నీళ్లు పోస్తే పోత ఇనుము పగులుతుంది. రింగులు పూర్తిగా అరిగిన ఇంజను ఒక్కోసారి తన ఆయిలునే తాగి ఆగకుండా పరుగెత్తుతుంది. అప్పుడు వేగాన్ని అదుపు చేసే గవర్నరు పనిచేయదు, డీజిల్ ఆపినా లాభం ఉండదు, గాలి లోపలికి పోయే రంధ్రాన్ని గట్టి చెక్కతో మూసేయడమే దారి. ఇవి తెలియక మోజు పడడం కంటే పడకపోవడమే మంచిది.

ఇంగ్లండులో చెషైర్ ప్రాంతంలోని ఆన్సన్ మ్యూజియం పూర్తిగా ఇలాంటి ఇంజన్లకే అంకితమై, వాటిని నడిపించి చూపుతుంది. అమెరికాలో కరెంటు తీగకు దూరంగా ఇళ్లు కట్టుకున్నవారు ఏరి కోరి రాజ్‌కోట్ లిస్టర్లను ఓడల్లో తెప్పించుకున్నారు; పొగ నిబంధనలు బిగిశాక ఆ దిగుమతి దాదాపు ఆగిపోయింది. అంటే ఇక్కడ తూకానికి పోతున్న ఇనుమునే అక్కడ డబ్బు పోసి కొన్నారన్నమాట. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలవారు ఇలాంటి ఇంజన్లను చూడాలనుకుంటే అంత దూరం పోనక్కర్లేదు, హిందూపురానికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులో 1962లో తెరిచిన విశ్వేశ్వరయ్య పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియంలో ఇంజన్ల కోసమే ఒక విభాగం ఉంది. ఇంజినీరింగ్ కళాశాలల ప్రయోగశాలల్లో కూడా కిర్లోస్కర్ ఎ.వి.1, టి.వి.1 ఇంజన్లు పరీక్షల కోసం నేటికీ తిరుగుతున్నాయి. అయితే కపిల బావి మీద కూర్చున్న ఇంజనును, ఆ బావితో, ఆ అరుగుతో కలిపి చూపే ఏర్పాటు ఏదీ అక్కడ కుదరదు, ఎందుకంటే బావిని మ్యూజియంలోకి తీసుకుపోలేరు.

పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ధర్మవరంలో జాకార్డు యంత్రాల అట్టల వరుసలో ఒక్క రంధ్రం తప్పినా పట్టు చీర అంచులో పువ్వు తప్పుతుందని తెలిసిన చేతులున్నాయి. హిందూపురం సంతలో బెల్లం, చింతపండు అమ్మేవారిలో గానుగకు ఇంజను కట్టిన రోజులు ఎరిగినవారు ఉన్నారు. యంత్రం అంటే బెదిరే ప్రాంతం కాదిది. కొట్టంలో పాత ఇంజను ఉన్న రైతు కుటుంబాలు దాన్ని తప్పక నడిపించాలని అడగడం న్యాయం కాదు గాని, తూకానికి ఇచ్చే ముందు రెండు పనులు చేయవచ్చు: ఆ పలక మీది పేరూ నంబరూ, ఇంజను ఏ బావి మీద ఏ సంవత్సరం నుంచి నడిచిందో ఇంట్లో పెద్దలను అడిగి ఒక కాగితం మీద రాయడం, వీలైతే పలకను విప్పి దాచడం. దాని బరువు వంద గ్రాములు కూడా ఉండదు, తూకంలో తగ్గేదేమీ లేదు.